పాడె మోసేవాళ్లు భుజాలు మార్చుకుంటారు

(దువ్వాడలో జరిగిన కార్యకర్తల తరగతిలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరు మార్చకుండా, అక్కడక్కడ కుదించి ఇస్తున్నాం.)

 

పొద్దున్నుంచీ అట్రాసిటీ చట్టం మీద మాట్లాడుకున్నాం. ఫిర్యాదు ఎలా రాయాలి, డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారే ఎందుకు దర్యాప్తు చెయ్యాలి, సాక్షులకు దారిఖర్చులు ఎవరివ్వాలి, ఇదంతా అయింది. భోజనాలయ్యాక మాకు అప్పజెప్పిన విషయం మనసు. ఆ మాట అనగానే వెనక వరసలో ఇద్దరు తమ్ముళ్లు మొహాలు చూసుకుని నవ్వుకున్నారు. నవ్వండి, పర్వాలేదు. కడుపు బాగోలేదంటే కషాయమైనా కాచిస్తారు గానీ, మనసు బాగోలేదంటే మన పేటల్లో ఎవరు పట్టించుకున్నారు? పొద్దుపోనోడికి వచ్చే జబ్బు అది అనుకుంటాం. కలిగినోళ్ల జబ్బు అనుకుంటాం.

మేం మాట్లాడబోయేది కలిగినోళ్ల జబ్బు గురించి కాదు, ఒక పని గురించి. ఆ పని మన ఉద్యమంలో రోజూ జరుగుతోంది. కానీ దాన్ని పని కింద ఎవరూ లెక్కకట్టరు. కూలి లేదు, సెలవు లేదు, దానికో పేరు కూడా లేదు. ఎదుటిమనిషి దుఃఖాన్ని కూర్చుని వినడం, విన్నదాన్ని కాగితం మీద పెట్టడం, ఆ కాగితం పట్టుకుని ఏళ్ల తరబడి తిరగడం. అదీ ఆ పని.

మన ప్రతి పేటలోనూ రాయడం వచ్చినవాళ్లు కొందరుంటారు. మా తరంలో అయితే చాలాచోట్ల ఒక్కరే. ఇంట్లో మొట్టమొదట కాలేజీ మెట్టెక్కినవాడు. బడిపంతులో, అంగన్‌వాడీ టీచరో, పాస్టరు గారో అవుతారు. ఊళ్లో అందరి కష్టమూ ఆ ఒక్క చేతి మీదుగానే నడవాలి. రేషన్ కార్డు మొదలుకుని శవపంచనామా దాకా. ఈ దువ్వాడ చుట్టుపక్కలే చూడండి. ఉక్కు కర్మాగారం కోసం 64 గ్రామాలు భూములు వదులుకున్నాయి. ఆ నిర్వాసితుల కాలనీల్లో ఆర్-కార్డును ట్రంకుపెట్టెలో దాచుకుని, ఉద్యోగం కోసం అర్జీల మీద అర్జీలు రాయిస్తున్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. తాత రాయించిన అర్జీనే మనవడు మళ్లీ రాయిస్తున్నాడు. మేస్టారి ముందు కూర్చుని వాళ్లు చెప్పేదంతా అర్జీలో పట్టదు. పోయిన చెరువు గురించి చెబుతారు, పోయిన తాటితోపు గురించి చెబుతారు, తాతముత్తాతల్ని పాతిపెట్టిన చోటు ఏ గోడ లోపల ఉండిపోయిందో చెబుతారు. రాసేవాడు నాలుగు వాక్యాలు రాస్తాడు. మిగిలిందంతా ఎక్కడికి పోతుంది? అతని లోపలికే పోతుంది.

మా జట్టులో ఒక తమ్ముడున్నాడు. పేరు చెప్పం, ఊరు చెప్పం. ఇంగ్లీషు బాగా వచ్చినవాడు. ఒక హత్య కేసులో పోస్టుమార్టం రిపోర్టు చేతికొచ్చింది. చనిపోయిన కుర్రాడి తల్లి వచ్చి, "బాబూ, అందులో ఏటి రాసినారో సదివి సెప్పు. నా బిడ్డకి ఎక్కడెక్కడ దెబ్బలు తగిలినాయో నాకు తెలవాల" అంది. వద్దంటే ఊరుకోలేదు. అతను ఒక్కో గాయమూ చదివి తెలుగులో చెప్పాడు. ఎంత పొడుగు, ఎంత లోతు. చెప్పిన ప్రతిసారీ ఆ తల్లి తన ఒంటి మీద అదే చోట చెయ్యి పెట్టుకుని చూసుకుంది. గంట పట్టింది. అయ్యాక లేచి, "నీ కడుపు సల్లగుండ" అని వెళ్లిపోయింది.

ఆ తర్వాత రెండు నెలలు అతను సరిగా నిద్రపోలేదు. ఇంట్లో కత్తిపీట చప్పుడైతే లేచి వీధిలోకి పోయేవాడు. పిల్లల మీద ఊరికే అరిచేవాడు. ఫోను ఎత్తడం మానేశాడు. మీటింగులకు రాకపోతే మనవాళ్లు ఏమన్నారు? "ఉద్యోగం రాగానే ఉద్యమం మర్చిపోయాడు" అన్నారు. "భయపడ్డాడు" అన్నారు. ఒకాయన "అవతలోళ్లకి అమ్ముడుపోయాడు" అని కూడా అన్నాడు. అతను అమ్ముడుపోలేదు. భయపడనూ లేదు. నిండిపోయాడు, అంతే. కుళాయి కింద బిందె నిండితే దాన్ని తీసి ఇంకో బిందె పెడతాం గదా. మనిషి దగ్గర ఆ మాత్రం లెక్క ఎందుకుండదు?

ఇది అతనొక్కడి సంగతి కాదు. దెబ్బ తగిలినవాడికే కాదు, దెబ్బ గురించి పదేపదే వినేవాడికి కూడా నిద్ర చెడుతుందని, విన్న దృశ్యం తను చూసినట్టే కళ్లముందుకొస్తుందని, ఊరికే కోపం వస్తుందని, లేకపోతే ఏదీ పట్టనట్టు రాయిలా అయిపోతాడని వైద్యులు ఎప్పుడో గుర్తించారు. మార్చురీల్లో, అంబులెన్సుల్లో పనిచేసేవాళ్లకూ, అత్యాచార కేసులు చూసే లాయర్లకూ ఇది వస్తుంది. రావడం వింతేమీ కాదు. వారం పది రోజుల్లో తగ్గితే సరే. నెల దాటినా తగ్గకపోతే డాక్టరుకి చూపించుకోవాలి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం నెలా లేదు, వారమూ లేదు, ఆ రోజే.

అయితే డాక్టర్లు, చదువుకున్నవాళ్లు తరచుగా ఒక సలహా ఇస్తారు: బాధితులకూ మీకూ మధ్య కొంచెం దూరం ఉంచుకోండి, వాళ్ల బాధ ఇంటికి తెచ్చుకోకండి అని. పట్నం నుంచి వచ్చే విలేకరికి అది కుదురుతుంది. అతను రాసుకుని, కారెక్కి, ఇంకో రకం ఇంటికి వెళ్లిపోతాడు. మనకేది దూరం? ఆ ఇంటి గడప మన ఇంటి గడపలాగే ఉంటుంది. అదే నులకమంచం, అవే సత్తు గిన్నెలు, గోడ మీద బాబాసాహెబు ఫోటో, పక్కన ఏసుప్రభువు కేలండరు. ఆ తల్లి పడ్డ మాటలు మన అమ్మలు పడ్డవే. కులం పేరు పెట్టి ఏమని తిట్టారమ్మా అని మనం అడిగి, ఆ తిట్టును అక్షరం పొల్లుపోకుండా మన చేత్తోనే రాయాలి. రాయకపోతే కేసు నిలవదు. ఆ తిట్టు మనకీ తగిలేదే. కాబట్టి దూరం అనే మందు మనకు పడదు. దూరం ఉంచితే మనవాళ్లకు మనం ఏమవుతాం? ఇంకో ఆఫీసరు అవుతాం.

మనకు పనికొచ్చేది దూరం కాదు, వంతు. పాడె మోసేటప్పుడు ఏం చేస్తాం? ఎత్తేది నలుగురే. వెనక పదిమంది నడుస్తారు. దింపుడు కళ్లం దగ్గర దింపుతారు. దారి పొడుగునా భుజాలు మార్చుకుంటారు. మొదట ఎత్తినవాడే శ్మశానం దాకా మొయ్యాలని ఎవరూ అనరు. మార్చుకున్నవాణ్ణి చూసి వీడికి చచ్చినవాడి మీద ప్రేమ లేదనీ అనరు.

మన దారి ఎంత పొడుగుదో ఒకసారి చూడండి. కారంచేడు 1985 జులై 17న జరిగింది. ఆరుగురిని చంపారు. సుప్రీంకోర్టు తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది. చీరాల శిబిరంలో ఇరవై ఏళ్ల వయసులో బాధితుల పక్కన కూర్చున్న కుర్రాడు ఆ తీర్పు నాటికి నలభై మూడేళ్లవాడు. చుండూరు 1991 ఆగస్టు 6. ఎనిమిదిమందిని చంపారు. శవాలను గోనెసంచుల్లో కుక్కి తుంగభద్ర కాలవలో పడేశారు. చుండూరు దళితులు పట్టుబట్టి ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు కేసు కొట్టేసింది. ఆ రోజు రాత్రి చుండూరులో ఎవరెలా ఉండి ఉంటారో ఊహించుకోండి. ఇక మన ఉత్తరాంధ్రలో లక్ష్మీపేట ఉంది. 2012 జూన్ 12న మడ్డువలస రిజర్వాయరు భూముల దగ్గర ఐదుగురి ప్రాణాలు పోయాయి. అప్పుడది శ్రీకాకుళం జిల్లా, 2022లో జిల్లాలు విడగొట్టాక విజయనగరం జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారింది గానీ ఆ ఇళ్లలో ఖాళీ అలాగే ఉంది.

ఛార్జిషీటు వేసిన రెండు నెలల్లో వీలైనంతవరకు విచారణ ముగించాలని 2015 సవరణలో రాశారు. కాగితం మీద రెండు నెలలు. మన అనుభవంలో ఇరవై ఏళ్లు. ఇరవై ఏళ్ల బరువును ఒకరిద్దరి భుజాల మీద పెట్టి, వాళ్లు కుంగితే త్యాగమనీ, తప్పుకుంటే ద్రోహమనీ అంటే, కేసు మధ్యలోనే మనుషులైపోతారు. అవతలివాళ్లకు కావలసిందీ అదే. వాయిదాలు తీసుకోవడం ఒక ఆయుధం. మనం అలిసిపోయేదాకా తీసుకుంటారు.

పొద్దున ఒక పెద్దాయన చెప్పిన మాట మాకు గుర్తుంది. "బాధ ఉంటేనే కసి ఉంటది, బాధ తగ్గితే ఉద్యమం సల్లబడిపోద్ది" అన్నారు. ఆయన మాకంటే ఎక్కువ చూసినవారు, ఎక్కువ పడ్డవారు. కసి అక్కర్లేదని మేం అనం. కానీ కేసు నడిచేది కసి మీద కాదు, తేదీల మీద. నిద్రలేని మనిషి తేదీ తప్పు రాస్తాడు. ఎఫ్‌ఐఆర్‌లో సాయంత్రం అని ఉండి వాంగ్మూలంలో రాత్రి అని ఉంటే డిఫెన్సు లాయరుకు అంతకన్నా ఏం కావాలి? సాక్షిని క్రాసు చేసేటప్పుడు పక్కన ధైర్యంగా నిలబడాల్సిన మనిషే వణికిపోతుంటే సాక్షి ఏమవుతాడు? కాబట్టి ఇది మెత్తదనం గురించిన మాట కాదు. కేసు గెలవడం గురించిన మాట.

వినేవాడి సంగతి చెబుతున్నాం గానీ, చెప్పేవాళ్ల సంగతి ముందు రావాలి. వాకపల్లి తీసుకోండి. 2007 ఆగస్టు 20న కూంబింగుకొచ్చిన పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని పదకొండుమంది కోందు ఆడబిడ్డలు చెప్పారు. 2023 ఏప్రిల్‌లో విశాఖ కోర్టు దర్యాప్తును తప్పుపట్టింది, వాళ్లకు పరిహారం ఇవ్వాలంది, నిందితులను మాత్రం విడిచిపెట్టింది. పదహారేళ్లు. ఇలాంటి కేసుల్లో ఆడబిడ్డ చేత అదే మాట ఎంతమంది చెప్పిస్తారు! పోలీసులు, డాక్టరు, మెజిస్ట్రేటు, లాయర్లు, విలేకర్లు, ఆపైన సంఘానికొక నిజనిర్ధారణ కమిటీ. ఆరు సంఘాలుంటే ఆరు కమిటీలు, ఆరు బ్యానర్లు. ఇకనుంచి సంఘాలన్నీ కలిసి ఒక్కసారే వెళ్లాలని, ఒక్కరే అడగాలని, రాసినదాన్ని మిగిలినవాళ్లు చదువుకోవాలని మా గట్టి అభిప్రాయం. ఆడవాళ్లను ఆడవాళ్లే అడగాలి. "ఇప్పుడు సెప్పలేను" అంటే అక్కడితో ఆపాలి. అట్రాసిటీ చట్టంలో 15ఏ సెక్షను బాధితులను గౌరవంగా, వాళ్ల అవసరం తెలుసుకుని చూడాలని చెబుతోంది. ఆ సెక్షను పోలీసులకే కాదు, మనకూ వర్తిస్తుందనుకుందాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇలాంటి పనిచేసేవాళ్ల కోసం ఒక పుస్తకం వేసింది. అందులోనూ ఇదే చెప్పారు: జరిగిందంతా చెప్పమని ఒత్తిడి పెట్టొద్దు, ముందు వాళ్లకు ఏం కావాలో చూడండి, వినండి, సాయం దొరికే చోటికి చేర్చండి అని. చాలాసార్లు వాళ్లకు ముందు కావలసింది మన ప్రశ్న కాదు. కాసిని నీళ్లు, పిల్లలకు ఇంత అన్నం, రాత్రికి తోడు పడుకునే మనిషి.

మేం గత కొన్నేళ్లుగా పాటిస్తున్న పద్ధతి చెబుతాం. ఊళ్లోకి ముగ్గురికి తక్కువ కాకుండా వెళ్తాం. ఒకరు అడుగుతారు, ఒకరు రాస్తారు. మూడో మనిషి ఏమీ అడగరు, ఏమీ రాయరు. ఆ ఇంటి పిల్లల దగ్గర, ముసలివాళ్ల దగ్గర కూర్చుంటారు, జట్టులో ఎవరి మొహం మారుతోందో గమనిస్తారు, చాలనిపిస్తే లేపుతారు. ఈసారి రాసినవాళ్లు మళ్లీసారి మూడో మనిషి అవుతారు. కొత్తగా వచ్చిన కుర్రవాళ్లను మొదటిసారే మార్చురీకి పంపం. "సూస్తేనే గదా రాటుదేలతాడు" అంటారు కొందరు. రాటుదేలినవాడు మనకెందుకు? ఏడుపు వినీ చలించనివాణ్ణి స్టేషన్లో రోజూ చూస్తూనే ఉన్నాం గదా.

తిరిగొచ్చాక ఎవరి దారిన వాళ్లం వెంటనే విడిపోం. ఏదో ఒక టీ బడ్డీ దగ్గర అరగంట కూర్చుంటాం. రిపోర్టు గురించి కాదు. నీకెలా ఉంది, ఏది ఇబ్బంది పెడుతోంది, ఇంటికెళ్లి నిద్రపోగలవా, అంతే. మాట్లాడాలని లేనివాళ్లు టీ తాగి ఊరుకుంటారు, బలవంతం లేదు. టీ అన్నాం, గుర్తుంచుకోండి. తిరుగు దారిలో క్వార్టరు సీసా తెరిచే అలవాటు మన మగవాళ్లలో ఉంది. "అది సూసినాక తాక్కుండా ఎలా పడుకుంటాం?" అంటారు. తాగి పడుకున్నది నిద్ర కాదు. తెల్లారేసరికి అదే దృశ్యం, దానికి తోడు తలనొప్పి, ఇంట్లో గొడవ. సారా మీద పోరాడిన ఆడవాళ్ల రాష్ట్రం మనది. ఈ విషయంలో వాళ్ల మాటే మన మాట.

ఫోన్ల సంగతి. శవాల ఫోటోలు వాట్సాప్ గ్రూపుల్లో రాత్రి పదకొండింటికి వచ్చి పడుతున్నాయి. అన్నం తింటూ తెరిచిన చెల్లెలు చూస్తుంది, పక్కన పడుకున్న పిల్లవాడు చూస్తాడు. సాక్ష్యం కావాలి, కాదనం. ఆ ఫోటోలు ఒకరి దగ్గర ఉండాలి, లాయరు దగ్గర ఉండాలి. గ్రూపులో మాత్రం మాటల్లో రాస్తే చాలు. చచ్చినవాడికీ కొంచెం మర్యాద ఉంటుంది.

ఇక ఆడకార్యకర్తల గురించి. మగవాడు ఊరి నుంచి తిరిగొస్తే "అలిసిపోయొచ్చాడు" అని మంచం వాలుస్తారు. అదే ఊరి నుంచి వచ్చిన అప్ప చెప్పులు విడిచి నేరుగా పొయ్యి దగ్గరికి పోతుంది. మార్చురీ చూసిన చేతుల్తోనే చేప తోముతుంది. ఆవిడకు టీ బడ్డీ అరగంట కూడా లేదు, ఆలస్యమైతే అత్త అడుగుతుంది, మొగుడు అడుగుతాడు. వంతులు వేసుకునేటప్పుడు ఇంట్లో వంట వంతు కూడా వెయ్యాలి. నవ్వకండి తమ్ముళ్లూ, ఇది సంఘం పనే. ఆ ఒక్క పూట వంట ఎవరు చేస్తారో తేలకపోతే ఆవిడ మళ్లీ రాలేదు.

డాక్టరు దగ్గరికి వెళ్లమంటే మనవాళ్లు ఎందుకు జంకుతారో మాకు తెలుసు. విశాఖలో వాల్తేరు ఆస్పత్రి పేరెత్తితే చాలు, పిచ్చాసుపత్రి అంటారు. పిచ్చి అన్న ముద్ర మనమీద ఎలా పడుతుందో ఈ ఊరే కళ్లారా చూసింది. నర్సీపట్నం ఆస్పత్రిలో మత్తు డాక్టరుగా పనిచేసిన దళితుడు డాక్టర్ సుధాకర్ 2020 ఏప్రిల్‌లో, కరోనా రోజుల్లో, మాస్కులు లేవని నోరు తెరిచి అడిగారు. సస్పెండు చేశారు. మే 16న విశాఖలో హైవే మీద, చొక్కా లేని ఒంటితో, చేతులు వెనక్కి విరిచి కట్టి పోలీసులు తీసుకెళ్లారు. అక్కణ్ణుంచి మానసిక ఆస్పత్రికి చేర్చారు. హైకోర్టు సీబీఐకి అప్పగించింది. ఏడాది తిరక్కుండానే కాదు, సరిగ్గా ఏడాది దాటి ఐదు రోజులకు, 2021 మే 21న, ఆయన గుండె ఆగి చనిపోయారు. ప్రశ్నించిన దళితుణ్ణి పిచ్చివాడనడం ఎంత తేలికో అప్పుడు అందరికీ తెలిసింది. మరి అలాంటి ఊళ్లో మాకు నిద్రపట్టడం లేదని చెప్పుకోవడానికి ఎవరు సాహసిస్తారు?

అయినా చెప్పుకోవాలి. చట్టం తెలుసుకుని చెప్పుకోవాలి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఒక మనిషి రాజకీయ అభిప్రాయాల్ని బట్టి, సామాజిక హోదాని బట్టి మానసిక రోగి అని తేల్చడానికి వీల్లేదు. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలి. ప్రభుత్వ ఆస్పత్రిలో వైద్యం పొందడం హక్కు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని నేరస్థుడిగా కాక, తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడాలి. ఆస్పత్రి దాకా వెళ్లలేనివాళ్లకు 14416 అని ఫోను నెంబరుంది, టెలీ మానస్ అంటారు. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. డబ్బులు పడవు, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. రాసుకోండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఒంటరిగా పంపకుండా సంఘం నుంచి ఒకరు తోడు వెళ్లాలి. మేం చెప్పిన ఆ తమ్ముడి వెంట వాల్తేరు వెళ్లింది ఇద్దరు. ఏడాదిపాటు అతనికి కేసుల పని ఇవ్వలేదు. సాయంత్రం బడిలో పిల్లలకు ఇంగ్లీషు చెప్పమన్నాం. ఇప్పుడు మీటింగులకు వస్తున్నాడు. పోస్టుమార్టం రిపోర్టులు మాత్రం చదవడు. చదవమని మేం అడగం. ఇంకొకరు చదువుతున్నారు.

చివరిగా బాబాసాహెబు. ఆయన నిద్రాహారాలు మాని పనిచేశారని మనం గొప్పగా చెప్పుకుంటాం. అది సగమే. ఐదుగురు బిడ్డల్లో నలుగురిని చిన్నతనంలోనే పోగొట్టుకున్న తండ్రి ఆయన. 1926లో చివరి కొడుకు రాజరత్న పోయినప్పుడు ఎంత కుంగిపోయారో మిత్రుడికి ఉత్తరం రాసుకున్నారు. అంత పెద్దమనిషి తన దుఃఖాన్ని ఒకరికి చెప్పుకున్నారు గదా. రాజ్యాంగం రాసే రోజుల్లో మధుమేహంతో తీసుకుంటూ, వైద్యం చేసిన డాక్టరమ్మనే 1948 ఏప్రిల్ 15న పెళ్లాడారు. వయసు మళ్లాక వయొలిన్ నేర్చుకున్నారు. వయొలిన్ పట్టుకున్నంతసేపు ఆయన ఉద్యమద్రోహి అయిపోయాడా? మన కుర్రాడు సాయంత్రం క్రికెట్ ఆడితే, డప్పు కొడితే, అప్పికొండ బీచికి పోయి సముద్రం చూస్తూ కూర్చుంటే మాత్రం "ఇదేనా పని?" అంటాం.

ఇప్పుడు మాటలు చాలు. ఈ నోటుబుక్కు ముందు వరస నుంచి వెనక్కి వెళ్తుంది. రాబోయే మూడు నెలల కోర్టు వాయిదాల తేదీలన్నీ ఎడమపక్క రాసి ఉన్నాయి. ఒక్కో తేదీ ఎదురుగా మూడేసి పేర్లు కావాలి. పోయిన మూడు నెలల్లో రెండుసార్లు వెళ్లినవాళ్లు ఈసారి పేరు రాయొద్దు, ఎంత ఇష్టమున్నా సరే. రాయడం రానివాళ్లు పక్కవాళ్ల చేత రాయించండి. మూడో మనిషి పనికి చదువు అక్కర్లేదు. కింద ఇంకో గడి ఉంది చూడండి, ఆ రోజు ఆ ఇంట్లో వంట ఎవరిదని. అది ఖాళీగా వదలొద్దు. వెనక వరసలో నవ్విన తమ్ముళ్లిద్దరూ ముందు ఆ గడే నింపండి.

జై భీమ్.